తెరిచి ఉంచే గేటు

కుమ్ హెలిగ్,
సోమవారం, 23 మే 1983

ప్రియమైన ఓల్వెన్ అక్కకు,

ఆరేళ్ళుగా క్రిస్మస్ కార్డు మీద పేరు రాసి పంపడం తప్ప నీకు ఇంకో మాట రాయలేదు. ఇవాళ కలం పట్టానంటే దానికి కారణం మన ఊరి బెవన్ మామ్మ. కోప్పడాలనుకుంటే ఆమె మీద కోప్పడు.

శనివారం ఆమెకు కొండమీది పాత చర్చి దగ్గర నీలిపూలు చూడాలనిపించింది. చిన్నప్పుడు మనం 'ఎవరూ రాని చర్చి' అనేవాళ్ళమే, అదే. ఇప్పుడు బాగానే వస్తున్నారు, ఇంగ్లండు నుంచి కార్లు వేసుకుని, మెడలో కెమెరాలు తగిలించుకుని. నీ మరిది ఇద్వాల్ ట్రాక్టరు వెనక పెట్టెలో వంటింటి కుర్చీ వేసి మామ్మను ఎక్కించాడు. నేను ఆ కుర్చీ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎనభై మూడేళ్ళ మనిషి రాణిగారిలా కూర్చుని, దారి పొడుగునా అందరి కంచెలకూ వంకలు పెట్టింది. మన కంచెకు కూడా.

చర్చిలో సందర్శకుల పుస్తకం ఉంటుంది కదా. బెవన్ మామ్మకు అదే వార్తాపత్రిక. పోయినసారి ఆపిన చోటి నుంచి నాచేత చదివించుకుంటుంది. బర్మింగ్‌హామ్ వాళ్ళెవరో చాలా అందంగా ఉందని రాశారు. హాలండు వాళ్ళు గడియారం ఆగిపోయిందని రాశారు. దాని కింద మే పదిహేడో తేదీ, నీలి సిరాతో నీ చేతిరాత. "ఓ. హార్ట్‌లీ, స్నేహితులు, లడ్లో. ఇక్కడి నిశ్శబ్దం ఇంకా అలాగే ఉంది."

పేరు మింగేసి ఆ మాట మాత్రమే చదివాను. అయినా మామ్మ పట్టేసింది.

"'ఇంకా' అంటుందేమిటి? కొత్తగా వచ్చినవాళ్ళు 'ఇంకా' అనరే. ఎవరీవిడ?"

"అక్షరాలు సరిగ్గా లేవు మామ్మా," అన్నాను. నీ అక్షరాలకు బడిలో బహుమతి వచ్చింది. దేవుడు క్షమించాలి.

అక్కా, చర్చి వాకిట్లో నిలబడితే మా పొగగొట్టం కనిపిస్తుంది. ఆ రోజు మంగళవారం. ఇస్త్రీ చేసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. అంత దూరం వచ్చి, పది నిమిషాల దిగుడు దిగలేదు నువ్వు.

అమ్మను సమాధి చేసిన రోజు నువ్వు టీ తాగకుండా వెళ్ళిపోయావు. మన ఊళ్ళో అలా వెళ్తే తెగతెంపులు చేసుకున్నట్టేనని నీకు తెలుసు. సమాధి దగ్గరికి మగవాళ్ళే వెళ్ళాలి, ఆడవాళ్ళు ప్రార్థన మందిరం వెనక గదిలో టీ కాసి పెట్టాలి, అది మన సంఘం పద్ధతి. నువ్వు మగవాళ్ళ వెనక నడిచి వెళ్ళావు. తర్వాత తిన్నగా కారెక్కావు. నేను నీమీద తప్పు పట్టాననుకున్నావో, నువ్వే మా మీద తప్పు పట్టావో, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. నేను అడగనూ లేదు.

నేను కోరేది ఒక్కటే. మళ్ళీ నువ్వు నా వంటింట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఒక కప్పు టీ తాగాలి. దీని కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ప్రార్థన చేసి ఊరుకుంటే చాలదని శనివారం తెలిసింది.

జెఫ్రీ బావకు నా నమస్కారాలు.

నీ చెల్లెలు
నెస్టా

ఇంకో మాట. అదే మంగళవారం ఎవరో చూడవచ్చినవాళ్ళు మన పై పొలం గేటు మూసి వెళ్ళారు. గుర్రపు పగ్గం కోసి నాన్న చేసిన తోలుపట్టీ ఉంది చూడు, గేటును వెనక్కి పట్టి ఉంచేది, అది విప్పి మరీ మూశారు. తల్లి గొర్రెలు వాగు దగ్గర కింద, పిల్లలు పైన. ఇద్వాల్ సంత నుంచి వచ్చేసరికి నూరు గొంతులు ఒకటే అరుపు. ఆ ఉదయమే పుట్టిన పిల్లను తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడది నా పొయ్యి పక్కన అట్టపెట్టెలో ఉంది, సీసాతో పాలు పడుతున్నాను. మీవాళ్ళు కాదని నాకు తెలుసులే. ఆ గేటు సంగతి నీకు ఒకరు చెప్పాలా?


లడ్లో,
శనివారం, 28 మే 1983

నెస్టా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు జెఫ్రీ గుడ్డు పెంకు కొడుతున్నాడు. నేను మూడుసార్లు చదివేసరికి ఆయన రెండు గుడ్లూ తిని, "ఎవరైనా పోయారా?" అన్నాడు. "లేదు, ఒకరు తిరిగొచ్చారు," అన్నాను.

ఎందుకు దిగి రాలేదని అడిగావు. ఎనిమిది మందిమి, రెండు కార్లు. అందరి బూట్లకూ మోకాళ్ళ దాకా బురద. ఇస్త్రీ రోజున ఆ మందను నీ గుమ్మంలో దింపితే నువ్వు ఏమీ అనవు, అదే భయం నాకు. ఏమైనా అనేవాళ్ళయితే వచ్చేదాన్ని.

ఈ మంద ఎవరో చెబుతాను. నెలకో మంగళవారం ఎక్కడికో ఒక చోటికి పోతాం. జెఫ్రీ దగ్గర పటం ఉంటుంది, అది మడతపెట్టడం ఆయనకు ఇరవై ఏళ్ళుగా రాదు. మూరియల్ అనే ఆవిడ దోసకాయ శాండ్‌విచ్‌లు తెస్తుంది, ఎక్కడ ఆగినా ముందు అవే విప్పుతుంది. ఆమె భర్త సిరిల్, పోస్టాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. పొలాల్లో నడిచేవాళ్ళు పాటించవలసిన నియమాలన్నీ చిన్న పుస్తకంగా వస్తాయి, అది ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఎవరైనా పువ్వు కోస్తే ఏ పుటలో వద్దన్నారో చెబుతాడు. మంచివాడు. ఆయన పక్కన నడిస్తే మాత్రం బడికి పోతున్నట్టుంటుంది.

మన కొండ చూసి వాళ్ళంతా నోళ్ళు తెరిచారు. మూరియల్ శాండ్‌విచ్ పట్టుకుని, "ఇక్కడ పుట్టి మా ఊరికెందుకు వచ్చావమ్మా?" అంది. నేను జెఫ్రీ వైపు చూపించాను. "ఇతనికోసమా?" అని అందరూ ఒకేసారి అన్నారు.

గేటు సంగతి విని బాధపడ్డాను. పిల్ల ఎలా ఉంది?

ఈ ఏడు మన సండేస్కూలు విహారం ఎక్కడికి? మళ్ళీ ఆ సముద్రానికేనా? ఒక్కసారి ఇటు తీసుకురా. మా ఊరి కోట గోడల పక్క గడ్డిలో అందరికీ టీ నేనిస్తాను. నువ్వు ముందు నా చేతి టీ తాగు. తర్వాత నీ వంటింటి సంగతి చూద్దాం.

ఓల్వెన్


కుమ్ హెలిగ్,
సోమవారం, 6 జూన్ 1983

ప్రియమైన అక్కకు,

దేవుని దయ, నీ ఉత్తరం ముందుగది గడియారం వెనక పెట్టుకున్నాను. టైము చూసినప్పుడల్లా కనిపిస్తుంది.

బుధవారం ప్రార్థన తర్వాత విహారం సంగతి మాట్లాడడానికి కూర్చున్నాం. పాస్టరుగారు, "ఎప్పటిలాగే సముద్రమేగా," అని రాసుకోబోతున్నారు. నేను లేచి నిలబడ్డాను. నేను ఎప్పుడూ లేవను కదా, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని కిటికీ తెరిచారు.

"లడ్లో అయితే ఎలా ఉంటుంది?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"ఇంగ్లండులోనా?" అన్నాడు ఒక సంఘపెద్ద, నేను చంద్రమండలం అన్నట్టు.

అప్పుడు బెవన్ మామ్మ కర్రతో నేల కొట్టింది. "అరవై ఏళ్ళుగా అదే సముద్రం చూస్తున్నాను. అది ఎక్కడికీ పోదు. కోట కూలిపోతోందంటున్నారు, కూలకముందే చూపించండి." దాంతో జులై తొమ్మిది, శనివారం అని ఖాయమైంది. ఇరవై ఆరుగురం. ఆమె నావైపు చూసి కన్ను గీటింది. ఆ అక్షరాలు ఆమెకు ఎంతవరకు తెలిశాయో నేనడగలేదు.

పిల్ల బాగుంది. రోజుకు ఆరు సీసాలు తాగుతోంది. మోట్, అదే మా కుక్క, దాన్ని చూసి సిగ్గుపడి బయట పడుకుంటోంది. ఇద్వాల్ గేటుకు పలక కట్టాడు. "ఈ గేటు మూయవద్దు" అని రాయడం మొదలుపెడితే చోటు చాలక "వద్దు" కింద వరసలోకి పోయింది. దూరం నుంచి చూస్తే "ఈ గేటు మూయ" అని కనిపిస్తుంది. నేను చెబితే, "దగ్గరికొచ్చి చదువుకోమను," అన్నాడు. ఆ గేటు మూసినాయన్ను ఒక రోజంతా ఆ మంద మధ్య నిలబెట్టాలట, భోజనం ముందు రోజూ అదే మాట. భోజనం తర్వాత కొంచెం తగ్గుతాడు.

జులైలో నిన్ను చూస్తాను. ఏం వేసుకోవాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను. నవ్వుకో.

నెస్టా


లడ్లో,
సోమవారం, 11 జులై 1983

నెస్టా,

శనివారం మూడు గంటలకు కోట గడ్డిలో నాలుగు దుప్పట్లు పరిచాను. మందిరం టీ పాత్రంత పాత్ర ఒకటి అడిగి తెచ్చాను, జెఫ్రీ, సిరిల్ చెరో పక్కా పట్టుకుని ఎత్తు ఎక్కించారు. పంది హామ్ ముక్కలు, గుడ్లు, రాతిపెనం మీద అమ్మ కాల్చే చిన్న కేకులు. ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి చేశాను, మొదటి పన్నెండూ మాడ్చాను.

మీవాళ్ళంతా వచ్చారు. పాస్టరుగారు దీవించి మూడు కప్పులు తాగారు. బెవన్ మామ్మ ఆరు కేకులు తిని, "పిండిలో కొవ్వు తక్కువైంది, చేయి మాత్రం మీ అమ్మదే," అంది. నా మొహం పట్టుకుని చూసింది. "నువ్వేనా ఆ 'ఇంకా' అన్నావిడ," అంది. ఇద్వాల్ వచ్చి చేయి కలిపి, వాన గురించి నాలుగు మాటలు చెప్పి, కప్పుతో గోడ చాటుకు పోయాడు.

"నెస్టా ఏది?" అన్నాను.

"తలనొప్పి అంది. బస్సులో ఉంది," అన్నారు పాస్టరుగారు.

కప్పు పట్టుకుని బస్సు దాకా నడిచాను. బస్సులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు. ఆ కప్పు ఆయన తాగాడు. బాగుందన్నాడు. అయిదున్నరకు బస్సు కదిలింది. నేను దుప్పట్లు దులిపాను.

కాబట్టి మనం చెల్లుకు చెల్లు. ఆరేళ్ళ కింద నేను నీ టీ తాగలేదు, ఇప్పుడు నువ్వు నా టీ తాగలేదు. ఇలా అనుకుని ఊరుకుందామనుకున్నాను. కాని నువ్వు రాకపోవడానికి కారణం గేటేనని నా అనుమానం. మూసింది మావాళ్ళేనని ఇద్వాల్‌కు తెలిసిపోయిందని, నీకు నా మొహం చూడబుద్ధి కాలేదని. అందుకని చెప్పేస్తున్నాను.

మూసింది సిరిల్. మేం చర్చిలో ఉండగా ఫోటో తీస్తానని ఆయన కిందికి దిగాడు. నీ ఉత్తరం వచ్చాక అడిగితే, పుస్తకం తీసి, "గేట్లు మూయవలెను, పదకొండో పుట," అన్నాడు గర్వంగా. పిల్ల సంగతి చెబితే ఆ పూట అన్నం తినలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. బూట్ల బురద అన్నది సాకు. నేను దిగాను, నెస్టా. వాళ్ళను శాండ్‌విచ్‌ల దగ్గర వదిలి, ఒక పాత స్నేహితురాల్ని చూసి వస్తానని చెప్పి, నీ ఇంటికే బయలుదేరాను. గేటు దాకా వచ్చాను. అది మూసి ఉంది. నా జన్మలో ఆ గేటు మూసి ఉండగా చూడలేదు. నాన్న పోయిన రోజున కూడా తెరిచే ఉంది. పట్టీ నేల మీద పడి ఉంది. మీరు పద్ధతులు మార్చుకున్నారనుకున్నాను. గేటు ఎలా కనబడితే అలాగే వదిలి వెళ్ళాలని నాన్న నేర్పాడు కదా. ఇది నాకు తెలిసిన ఇల్లు కాదిక, అనుకుని అలాగే వదిలేసి వెనక్కి ఎక్కాను. పైకి వెళ్ళి పుస్తకంలో ఆ వాక్యం రాశాను. కిందది మారిపోయింది, ఇక్కడి నిశ్శబ్దం అయినా అలాగే ఉందని.

ఇప్పుడు నువ్వు చెప్పు. బస్సులో లేకపోతే ఎక్కడున్నావు?

ఓల్వెన్


కుమ్ హెలిగ్,
గురువారం, 14 జులై 1983

ప్రియమైన అక్కకు,

నేను తోరణంలా ఉన్న ఆ రాతి గుమ్మం కింద ఉన్నాను. నీకు నలభై అడుగుల దూరంలో.

తలనొప్పి అబద్ధం. ప్రభువు దగ్గర ఒప్పుకున్నాను, పాస్టరుగారి దగ్గర ఇంకా ఒప్పుకోలేదు. గేటుతో దీనికి సంబంధం లేదు. గేటు మూసింది సిరిల్ గారని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు, ఇద్వాల్‌కు ఇప్పటికీ తెలియదు.

ఆ గుమ్మం దాకా సంతోషంగానే వచ్చాను. నీలం గౌను, గొంతు దగ్గర అమ్మ బ్రోచి. అక్కడి నుంచి చూస్తే నువ్వు నాకు వీపు పెట్టి పాత్ర దగ్గర నిలబడి టీ పోస్తున్నావు. అందరూ నీ చుట్టూ ఉన్నారు, నవ్వుతున్నారు. ఆరేళ్ళ కింద మందిరం వెనక గదిలో నేనూ సరిగ్గా అలాగే నిలబడ్డాను. అది గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. నీకు చెప్పవలసింది ఒకటి ఉంది. అది కప్పు చేత్తో పట్టుకుని, ఇరవై ఆరుగురి మధ్య చెప్పే మాట కాదు. చెప్పకుండా నీ టీ తాగడానికి మనసొప్పలేదు. ఆ ఊరి పెద్ద చర్చిలోకి వెళ్ళి బస్సు టైము దాకా కూర్చున్నాను. అక్కడా సందర్శకుల పుస్తకం ఉంది. అందులో ఏమీ రాయలేదు. రాయవలసింది నీకు.

అమ్మ సమాధి రోజున ఆ గది కిటికీ తెరిచి ఉంది, టీ ఆవిరికి తెరిచాం. నేను హామ్ కోస్తున్నాను. మగవాళ్ళ పాట వినిపించింది. ఆడగొంతు లేకుండా అది ఎలా ఉంటుందో నీకు తెలుసు, నేల లేని ఇల్లులా. రెండో చరణంలో ఒక ఆడగొంతు కలిసింది. అమ్మ పాడే ఆ కింది గొంతు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

గదిలో ఆడవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంగ్లీషు పద్ధతులు," అంది ఒకామె.

నేను "అవును" అన్నాను.

నేను అన్నాను అక్కా. అందరికంటే ముందు నేనే అవునన్నాను. కాని నా మనసంతా తలుపు దగ్గర ఉంది. అమ్మను పదకొండేళ్ళు చూసుకున్నాను. చివరి మూడు వారాలు చెంచాతో తాగించాను. సమాధి దాకా ఆఖరి ముప్పై గజాలు మాత్రం నడవలేదు. ఎవరూ నా చేయి పట్టుకుని ఆపలేదు. పద్ధతి అని నాకు నేనే ఆగిపోయాను. నువ్వు వెళ్ళావు. ఏడాదికి రెండుసార్లు వచ్చిపోయే నువ్వు నడిచావు. నాకు కోపం పద్ధతి తప్పినందుకు కాదు. అది నాకు కావలసిన చోటు.

నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడు నీ బూట్లు చూశాను. ఎర్రమట్టి అంటుకుని ఉంది. అమ్మ దగ్గరి మట్టి. నేను పాత్ర వైపు తిరిగిపోయాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి నువ్వు లేవు. ఇన్నాళ్ళూ నువ్వు టీ తాగకుండా వెళ్ళావని అందరికీ చెప్పాను. నేను వీపు తిప్పానని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోను. కాని రా.

నెస్టా


లడ్లో,
సోమవారం, 18 జులై 1983

పిచ్చిదానా,

నీ ఉత్తరం కూరగాయల తోటలో చదివాను, జెఫ్రీ చూడకుండా. చిక్కుడు పందిరి వెనక కూర్చుని ఏడ్చాను, తర్వాత నవ్వాను. ఎందుకు నవ్వానో చెబుతాను.

నేను ధైర్యంగా వెళ్ళాననుకుంటున్నావు. నేను ఆ గదిలోకే వచ్చాను ముందు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పని. ఒకరు రొట్టె, ఒకరు వెన్న, ఒకరు కప్పులు. నాకు కప్పులెక్కడుంటాయో తెలియదు. ఒక గుడ్డ తీసుకుంటే, "అది పళ్ళేలకు కాదు," అని లాక్కున్నారు. నిలబడడానికి చోటు లేక బయటికి వచ్చాను. బయట మగవాళ్ళు అప్పుడే కదులుతున్నారు. ఒంటరిగా నిలబడలేక వాళ్ళ వెనక నడిచాను. అంతే. నువ్వు నా చోటు కోరుకుంటున్నావు, నేను నీ చేతిలోని హామ్ కత్తి కోరుకున్నాను.

నువ్వు చూడనిది చెబుతాను, విను. గాలి ఎక్కువగా ఉంది. పాస్టరుగారి కాగితం ఎగిరిపోతే బెవన్ తాత కాలితో తొక్కి పట్టాడు, అప్పటికి ఆయన ఉన్నాడు కదా. నేను వెనక నిలబడితే ఇద్వాల్ చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. గొడుగు సగం నావైపు వంచాడు. అమ్మ మీద మొదటి పిడికెడు మట్టి అతనే వేశాడు, చాలా మెల్లగా, నిద్రపోయే పిల్లకు దుప్పటి కప్పినట్టు.

పాట ఎత్తింది కూడా మరిదే. ఎంత పైకి ఎత్తాడంటే, రెండో చరణానికి అందరి మెడనరాలూ బయటికొచ్చాయి. సంఘపెద్దలు గాలిపటాల్లా పైకి పోతున్నారు. అమ్మ ఉంటే ఒక్క చూపు చూసేది, తెలుసుగా. ఆ చూపు గుర్తొచ్చి, వీళ్ళను కిందికి దింపాలని నేను అందుకున్నాను. దిగారు. దుఃఖంతో పాడానని అందరూ అనుకున్నారు. సగం నిజం. నువ్వు విన్నది మీ ఆయన్ను కాపాడే గొంతు.

తర్వాత గుమ్మంలోకి వచ్చాను. నువ్వు తెల్లవారుజామున లేచి కడిగిన నేల అది, నాకు తెలుసు. నా బూట్లు అలా ఉన్నాయి. నీ వీపు చూశాను. అమ్మకు కోపమొస్తే సరిగ్గా అలాగే తిరిగేది. చిన్నపిల్లలా భయపడి పారిపోయాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని.

సెప్టెంబరు మూడో తేదీ, శనివారం వస్తాం. రెండు కార్లు, ఎనిమిది మంది, పటం, పుస్తకం, శాండ్‌విచ్‌లు. సిరిల్ గేటు దగ్గర దిగి క్షమాపణ చెప్పుకుంటాడట, మాటలు కాగితం మీద రాసుకుని మూరియల్‌కు అప్పజెబుతున్నాడు. ఇద్వాల్‌ను భోజనం పెట్టాక పంపు.

ఆ ముప్పై గజాలు నాతో నడు.

ఓల్వెన్


కుమ్ హెలిగ్,
సోమవారం, 5 సెప్టెంబరు 1983

ప్రియమైన అక్కకు,

కిటికీ పక్క కుర్చీని నిన్న అంతా ఎవరూ కదపలేదు. దిండు మీద నువ్వు కూర్చున్న గుంట అలాగే ఉంది. రెండు కప్పులు తాగావు. మూడోది సగం వదిలావు. అది పారబోయడానికి కాసేపు మనసు రాలేదు.

మనం లోపల ఉండగా గేటు దగ్గర జరిగింది నీకు తెలియదు. ఇద్వాల్ నిన్న మందిరానికి నడుస్తూ చెప్పాడు, చెబుతూ రెండుసార్లు ఆగి నవ్వాడు. సిరిల్ గారు టోపీ తీసి, కాగితం తీశారట. గాలికి కాగితం వాగులోకి పోయింది.

"మీరేనా గేటాయన?" అన్నాడు ఇద్వాల్.

"నేనేనండి. పుస్తకంలో మూయమని ఉంది."

"గొర్రెలు ఆ పుస్తకం చదవలేదండి."

"నాదే తప్పు. మీ పలక కూడా ఇప్పుడే చూశాను. మూయమంటున్నారా, వద్దంటున్నారా, తెలియక అయిదు నిమిషాలుగా నిలబడ్డాను."

ఇద్వాల్ కళ్ళు చిట్లించి తన పలక తనే చదువుకున్నాడట. ఆయన్ను కొట్టం వెనక్కి తీసుకెళ్ళి పిల్లను చూపించాడు. ఇప్పుడది పిల్ల కాదుగా, తొట్టి మీదికి ఎక్కే దున్నపోతు.

"దీని పేరేమిటండి?" అని అడిగారట.

ఇద్వాల్ పేరు పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆ నిమిషంలో నోటికి వచ్చింది. "సిరిల్," అన్నాడు.

"మాకు పిల్లలు లేరండి. నా పేరు ఇంకెవరికీ పెట్టలేదు," అన్నారట. గొర్రె మెడ పట్టుకుని నిలబడి ఉంటే, అది ఆయన జేబులోంచి పుస్తకం లాగి మొదటి మూడు పుటలు తినేసింది. ఆయన తిననిచ్చారు. సాయంత్రం దాకా మంద మధ్యే తిరిగారు. ఇద్వాల్ వేయాలనుకున్న శిక్ష ఆయనంతట ఆయనే వేసుకుని, చాలా బాగుందన్నారట. అక్టోబరులో ముక్కు దగ్గర నల్లమచ్చ ఉన్న గొర్రెను చూడడానికి మళ్ళీ వస్తారట. పలక కొత్తది రాసి పంపుతానన్నారు. పోస్టాఫీసు చేతిరాత కదా, ఒక్క వరసలో పడుతుంది.

మనం నడిచిన ముప్పై గజాల గురించి నేనేమీ రాయలేను. వెనక గది తలుపు దగ్గర మొదలుపెట్టి అంగలు లెక్కపెట్టాలనుకున్నాను, పన్నెండు దగ్గర తప్పిపోయాను. అమ్మ సమాధికి ప్రతివారం పూలు పెడతాను, ఆ దారి నాకు కొత్త కాదు. అయినా ఆ తలుపులోంచి బయలుదేరి వెళ్ళడం అదే మొదటిసారి. నువ్వు కింది గొంతు అందుకున్నావు, నేను పై గొంతు. మూరియల్ గారు గోడ దగ్గర శాండ్‌విచ్ పొట్లం విప్పబోయి మళ్ళీ కట్టేశారు. అది చూశావా?

నిన్న ఆరాధన తర్వాత పాస్టరుగారి దగ్గర తలనొప్పి సంగతి ఒప్పుకున్నాను. "నాకు అప్పుడే తెలుసమ్మా. తలనొప్పి ఉన్నవాళ్ళు బ్రోచి సర్దుకోరు," అన్నారు. తర్వాత సంఘపెద్దల ముందు లేచి నిలబడ్డాను. ఈసారి ఎవరూ కిటికీ తెరవలేదు. "ఇకమీదట సమాధి దగ్గరికి వెళ్ళాలనుకున్న ఆడవాళ్ళు వెళ్ళవచ్చునా?" అని అడిగాను. నా గొంతు వాళ్ళకు వినబడింది.

అందరూ బల్ల వైపు చూశారు. "మరి టీ?" అన్నాడు ఒక పెద్ద. ఎన్నో ఏళ్ళ పద్ధతి మార్చడానికి అడ్డం వచ్చింది ఆ ఒక్క మాటే.

బెవన్ మామ్మ కర్ర కొట్టింది. "నా అంత్యక్రియలకు నెస్టా నా పక్కన నడుస్తుంది. టీ ఇద్వాల్ కాస్తాడు. ఇప్పటి నుంచీ నేర్పించండి, నీళ్ళ టీ పోస్తే లేచి కూర్చుంటాను." తీర్మానం ఆమోదించారు. నిన్న సాయంత్రం ఇద్వాల్‌కు హామ్ కోయడం నేర్పాను. తలుపు చెక్కంత మందాన కోశాడు. మామ్మ ఇంకో ఇరవై ఏళ్ళు ఉండడం మంచిది.

దీనితో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. గేటుకు ఇద్వాల్ ఇనుప కొక్కెం పెట్టాడు, ఇక ఎవరూ విప్పలేరు. నాన్న చేసిన తోలుపట్టీ అక్కరలేకుండా పోయింది. చెత్తలో పడేయబోతే తీసుకున్నాను. అది నీకు. నీ ఉత్తరాలు కూడా ఇందులోనే పెట్టాను, నీ దగ్గరున్న నా ఉత్తరాలతో కలిపి ఆ పట్టీ చుట్టి నీ దగ్గరే ఉంచు. ఇక్కడ ఉంచితే గడియారం దుమ్ము తుడిచేటప్పుడు ఎవరో ఒకరు చూస్తారు. బావకు చూపకు. మూరియల్ గారికి చూపకు. గదిలో నేను అన్న ఆ "అవును" నీకు తప్ప ఎవరికీ తెలియనక్కరలేదు. ఆ రోజు పాట ఎంత పైకి పోయిందో నాకు తెలుసని ఇద్వాల్‌కు అసలే తెలియకూడదు. వచ్చే ఆదివారం అతనే ఎత్తాలి.

పట్టీ గట్టిగా బిగించకు. అప్పుడప్పుడూ నేను వస్తాను, విప్పి చదువుకుందాం.

నీ చెల్లెలు
నెస్టా